‘రాత్రివేళ దొంగలా’: పో కథలో ఆ మాట అతికిందా?

ప్రశ్న: ఎడ్గార్ ఎలన్ పో రాసిన ‘ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్’ (1842) చదువుతున్నాను. చివర్లో ఎర్రచావు అనే మహమ్మారి రాత్రివేళ దొంగలా వచ్చిందంటాడు. ముసుగుల విందులో ఆ రోగం వేషంతో, అందరూ చూస్తుండగా, గది తర్వాత గది దాటుకుంటూ దర్జాగా నడిచిన మనిషి దొంగెలా అవుతాడండీ?

జవాబు: మంచి సందేహమండీ. ఆ మాట బైబిల్‌ది. మన తెలుగు బైబిల్లో 1 థెస్సలొనీకయులకు 5:2 తీయండి: ‘రాత్రివేళ దొంగ ఏలాగు వచ్చునో ఆలాగే ప్రభువు దినము వచ్చును’. ఆ తర్వాతి వచనమూ చదవాలి. భయమేమీ లేదని జనం చెప్పుకుంటున్నప్పుడే నాశనం మీద పడుతుందట. కథలోని రాజు ప్రాస్పెరో సరిగ్గా అలాంటివాడే. ఆ రోగంతో రాజ్యం సగం ఖాళీ అయ్యాక వెయ్యిమందిని వెంటేసుకుని కోటలాంటి మఠంలో దూరాడు. కొలిమి పెట్టి గడియలు కరిగించి అతికించేశాడు. అయిదారు నెలలకు విందు పెట్టాడు. ప్రభువు రావలసిన చోటికి పో రోగాన్ని రప్పించాడు. ఆ వాక్యం బరువంతా అందులోనే ఉంది.

ఇక దొంగ అన్నాక కన్నం ఉండాలి కదా. ఎటునుంచి వచ్చాడో కథలో ఎక్కడా లేదు. గడియారం పన్నెండు కొడుతుంటే జనం చూసేసరికి గుంపులో ఉన్నాడు, అంతే. నా మటుకు నాకు, గడియ వేసినప్పుడే లోపల ఉన్నాడనిపిస్తుంది.

మరొకరు: ఇది మన పరీక్షిత్తు కథే కదండీ! ఒంటిస్తంభం మేడ, ఏడు రోజుల గడువు, పండులో పురుగై తక్షకుడు. ఇక్కడ విందు జరిగేది ఏడు గదుల్లో.

జవాబు: పోలిక బాగుంది. కాకపోతే తక్షకుడు వచ్చిన దారి భారతం పూసగుచ్చినట్టు చెబుతుంది. వెనక ముని శాపమూ ఉంది. ఇక్కడ దారీ లేదు, శాపమూ లేదు.

ఏడు గదులంటే మనిషి వయసు దశలని చాలామంది రాస్తారు. తూర్పు చివర నీలం గది పుట్టుక, పడమటి చివర నల్ల గది చావు. దిక్కుల వరకూ ఒప్పుకుంటాను. మధ్యలో ఆకుపచ్చకో వయసు, నారింజకో వయసు పంచడం పరీక్ష పేపర్ల కోసం చేసే పని. చూడవలసింది అద్దాలు. ఆరు గదుల్లో కిటికీ అద్దం గది రంగులోనే ఉంటుంది. నల్ల గదిలో మాత్రం నెత్తుటి రంగు. గదిలో దీపం లేదు. కిటికీ అవతల నడవాలో కుంపటి మండుతుంది, ఆ వెలుగే అద్దంలోంచి ఎర్రగా లోపల పడుతుంది. ఈ అలంకరణ చాలావరకు ప్రాస్పెరో పురమాయింపే. దొంగకు విడిది ముందే సిద్ధం చేశాడన్నమాట.

ఇంకొకరు: నల్ల గదిలోని గడియారం మృత్యువుకు గుర్తు అని మా లెక్చరర్ చెప్పారు.

జవాబు: అందరూ అదే చెబుతారు. కానీ చివరి మనిషితో పాటు గడియారం ప్రాణం కూడా పోయిందని పో రాశాడు. మృత్యువుకు గుర్తయితే అది కొడుతూనే ఉండాలి కదా? అది వాళ్ల ఆయుష్షు. గంట కొట్టినప్పుడల్లా వాయిద్యాలు ఆగుతాయి, ఆడేవాళ్లు నిలబడిపోతారు. మోత తగ్గగానే వాద్యగాళ్లు ఒకరినొకరు చూసి నవ్వుకుని, ఈసారి కంగారు పడొద్దని గుసగుసగా ఒట్టేసుకుంటారు. మళ్లీ గంట కొడుతుంది, మళ్లీ అదే తంతు.

ప్రశ్న అడిగినవారు: గడియారం సంగతి సరే. కానీ ఆ రోగం అరగంటలో ప్రాణం తీస్తుందని పో మొదట్లోనే రాశాడు. గడియ వేసినప్పుడే లోపలుంటే అయిదారు నెలలు ఊరికే కూర్చుందా?

జవాబు: రోగమైతే కూర్చోదు, నిజమే. ముసుగు లాగి చూస్తే కింద ఎవరూ లేరన్నాడు కదా, అందుకే అది ఒట్టి రోగమేనా అని నా అనుమానం.