పసిబిడ్డకు పాత చీరల బొంత: మిషన్ లేకుండా కుట్టడం ఎలా?

కొత్త పిన్ని: మా అక్కకు పాప పుట్టింది. బారసాలకు రెండు వారాలే ఉంది. కొన్నది కాకుండా నా చేత్తో కుట్టిన బొంత ఇవ్వాలని ఆశ. ఇంట్లో ఉన్న సరంజామా ఇది: అమ్మవి రెండు నేత చీరలు, అందులో ఒకదానికి జరీ అంచు, నాన్న మల్లు పంచె, నా పాత నూలు చుడీదార్లు, జాకెట్టు గుడ్డ ముక్కలు ఓ సంచెడు. కుట్టుమిషన్ లేదు. చీరకు ఫాల్ కుట్టడం, బొత్తాలు కుట్టడం వచ్చు, అంతే. లోపల దూది పెట్టాలా? ముక్కలు అతకడానికి సులువైన పద్ధతి ఏదైనా ఉందా?

దబ్బనం పెద్దమ్మ: దూది వద్దమ్మా. పసిబిడ్డ బొంత రోజుకు ఎన్నిసార్లు తడుస్తుందో మీ అక్కను అడుగు. దూది పెట్టినదాన్ని ఉతికితే అది ఓ మూలకు జారి గడ్డకడుతుంది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ మిగిలి మర్నాటికి ముక్కిపోయిన వాసన వేస్తుంది. పాలియెస్టర్ దూది మన ఎండలకు అసలే పనికిరాదు. అడుగున పంచె, మధ్యలో చీర ఒక పొర, పైన ముక్కలు. చలికాలమైతే చీర రెండు పొరలు. అంతకు మించితే సూది దిగదు, నీ వేళ్లకు బొబ్బలే.

కొలత 36 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు చాలు. చీర పన్నా 45 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి మధ్యపొరకు అతుకు అక్కర్లేదు. అయితే చీరలో ఏ భాగం కోస్తున్నావో చూసుకో. కూర్చునే చోట, పాదాల దగ్గర పలచబడి ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో అడ్డంగా లాగి చూడు. పోగులు విడిపోతుంటే ఆ భాగం వదిలెయ్యి. నడుము దగ్గర లోపలికి దోపుకునే కొస సాధారణంగా గట్టిగా ఉంటుంది.

జరీ అంచు ఎంత ముచ్చటగా ఉన్నా కోసి పక్కన పెట్టు, పసి చెంపకు గీసుకుంటుంది. చుడీదార్ల మీది పూసలు, అద్దాలు, చమ్కీలు, బొత్తాలు ఒక్కటి కూడా మిగలకూడదు. కోసే ముందే అన్నిటినీ గంజి వదిలేదాకా ఉతుకు. కొత్త జాకెట్టు ముక్కలను మరీ ముఖ్యంగా ఉతకాలి. పాత గుడ్డ కుంగాల్సినంత ఎప్పుడో కుంగింది, కొత్తది మొదటి ఉతుకులో కుంగి బొంతంతా ముడతలు పెడుతుంది. ఎరుపు, ముదురు నీలం ముక్కలను తడి తెల్లగుడ్డతో రుద్దు. రంగు అంటితే వాడొద్దు. బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకోక మానదు.

పాత పెట్టె: పెద్దమ్మగారి మాటకు ఒకటి కలుపుతాను. ఆ చీరలు బీరువాలో కలరా ఉండల మధ్య ఉన్నవా? అయితే వాడకండి. వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి బట్టకు పడుతుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండే పిల్లలు కొందరుంటారు. వాళ్లకు ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదరవచ్చు. పరీక్ష చేయిస్తే తప్ప ఆ లోపం ఉన్నట్టు తెలియదు. ఉయ్యాల గుడ్డలకూ, స్వెట్టర్లకూ ఇదే జాగ్రత్త.

కొత్త పిన్ని: జరీ చీర అలాంటిదే. అంచు కోసే బాధ తప్పింది, చీర మొత్తం పక్కన పెట్టాను. రెండో చీర, పంచె రోజువారీ వాడకంలోవే. ఇక ముక్కల సంగతి చెప్పండి. సమానంగా కోయాలంటే నాకు భయం.

సూదీదారం: చదరాలు కోసి అతకడం ఒక పద్ధతి. ఆరున్నర అంగుళాల చదరాలు, కుట్టుకు పావు అంగుళం చొప్పున పోను ఆరు అంగుళాలు మిగులుతాయి. ఆరు వరుసలు, వరుసకు ఏడు, మొత్తం 42. చేత్తో అన్ని అతుకులంటే మీ గడువుకు కష్టం.

మీకు సరిపోయేది కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ మహిళలు కుట్టే కవంది పద్ధతి. ముక్కలను విడిగా అతకరు, కొలిచి కోయరు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. అతుకు, పొరల కుట్టు ఒకేసారి పూర్తవుతాయి.

పంచెను నేలమీద పరిచి మూలలకు టేపు అంటించండి. దానిమీద చీర పొరను నాలుగు వైపులా అంగుళం తక్కువగా వేయండి. మధ్య నుంచి అంచులకు అరచేత్తో సాపు చేస్తూ, జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేయండి. టాకాలకు కొట్టొచ్చినట్టు కనిపించే రంగు దారం వాడితే తర్వాత తీసేటప్పుడు ఒక్కటీ మిగలదు. పిన్నీసులు పెడితే ముందే లెక్కపెట్టుకోండి, చివర్లో లెక్క సరిపోవాలి.

పంచె అంచును చీర మీదికి మడవండి. ఒక మూలలో మొదటి ముక్క పెట్టి, బయటి అంచులు లోపలికి మడిచి కుట్టడం మొదలుపెట్టండి. పక్క ముక్క అంచు మడిచి మొదటిదాని మీదికి అరంగుళం ఎక్కించండి. అలా చుట్టూ తిరిగి వచ్చాక వేలి వెడల్పు లోపలికి జరిగి మరో చుట్టు. లోపలి వైపు పచ్చి అంచు అలాగే వదలండి, తర్వాతి వరుస ముక్క దాన్ని కప్పేస్తుంది. నడిమి ముక్కకు మాత్రం నాలుగు అంచులూ మడవాలి. సిద్దీలు మూలల్లో మడిచిన గుడ్డ త్రికోణాలు కుడతారు. చూడ్డానికి బాగుంటాయి గానీ పసిబిడ్డ పీకి చప్పరిస్తుంది, మానేయండి.

కుట్టు బియ్యపు గింజంత ఉండాలి. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, మూడు తీసుకోండి. మూరన్నర మించి తెంపితే చిక్కుపడుతుంది. ముడి పొరల మధ్యకు లాగేయండి. ఇది అందం కోసం కాదు. వదులుగా వేలాడే దారం పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది.

నర్సు అత్త: బొంత సరే, బిడ్డ నిద్రపోతున్నప్పుడు మీద కప్పవద్దు. మొదటి ఏడాది బిడ్డ పడుకునే చోట వదులు దుప్పట్లు, బొంతలు, దిండ్లు ఉండకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా చెబుతుంది. ముఖం మీదికి జారితే తోసేసుకునే బలం వాళ్లకు ఉండదు.

దబ్బనం పెద్దమ్మ: మేమూ, మా పిల్లలూ బొంతల్లోనే పెరిగాం కదా!

నర్సు అత్త: పెరిగారు పెద్దమ్మా, బొంత మానమని నేననలేదు. నూనె రాసేటప్పుడు కింద వేయండి, మెలకువగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు పక్కనుండగా దాని మీద బోర్లా పడుకోబెట్టండి. నిద్రకు మాత్రం గట్టి పరుపు, బిగుతుగా పరిచిన దుప్పటి చాలు.

కొత్త పిన్ని: అర్థమైంది అత్తా. ఇప్పుడు నా భయమంతా గడువు గురించే. రాత్రిపూట ఓ గంట తప్ప తీరిక లేదు.

దబ్బనం పెద్దమ్మ: అయితే పెద్దది మానెయ్యి. కింద వేయడానికే కాబట్టి రెండడుగుల చదరం సరిపోతుంది. అలాంటివి రెండు కుట్టు, ఒకటి ఆరేలోగా రెండోది కావాలి ఎలాగూ. బారసాలకు ఒకటి పూర్తయినా చాలు, రెండోది తర్వాత పంపు.

కొత్త పిన్ని: ఇది బాగుంది. పంచెను రెండుగా చించుతున్నాను, నాన్నను అడిగాకే లెండి.