జలచక్రం పాఠానికి మాట్లాడే నీటిబొట్టు కథలు మేలా, కీడా?

ఉప్పుమడుల ఊరి టీచరు

చినగంజాం వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులకు చెబుతున్నాను. జలచక్రం పాఠాన్ని ఎప్పుడూ బొమ్మల పుస్తకంతోనే మొదలుపెడతాను. ఒక నీటిబొట్టు సముద్రంలోంచి పైకెగిరి, మేఘంలో చేరి, కొండ మీద వానగా పడి, ఏటి వెంట మళ్ళీ అమ్మ ఒడికి చేరుకునే కథలు మీకూ తెలిసినవే. మా బడి అరలో అలాంటివి నాలుగైదు ఉన్నాయి. మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లమంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో తోటి ఉపాధ్యాయులొకరు "సైన్సుకు కట్టుకథలెందుకు? పిల్లల బుర్రలో తప్పులు నాటుతున్నారు" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. పుస్తకం తెరిస్తే వెనక వరుస పిల్లలు కూడా ముందుకు జరుగుతారు. బాణం గుర్తుల పటం గీస్తే ఎవరూ కదలరు. మీరేమంటారు?

భౌతికశాస్త్రం మాస్టారు

నేను ఆ ఉపాధ్యాయుడి పక్షమే, టీచరు గారూ. ఆరో తరగతికి వచ్చిన పిల్లలను మేఘమంటే ఏమిటని అడిగి చూడండి. నీళ్ళు నింపిన సంచి అంటారు. వాన ఎలా పడుతుందంటే, రెండు మేఘాలు గుద్దుకుని చిల్లు పడుతుందంటారు. నీరు పైకెలా వెళ్ళిందంటే, సూర్యుడు పీల్చుకున్నాడంటారు. ఇవన్నీ బొమ్మల పుస్తకాల వల్లే వచ్చాయని అనను. కానీ కళ్ళు, ముక్కు, చిరునవ్వు ఉన్న బొట్టు బొట్టుగానే పైకెగిరిపోయే బొమ్మ ఆ ఊహకు ముద్ర వేస్తుంది.

అసలు జరిగేది వేరు. నీరు ఆవిరైనప్పుడు బొట్టు మిగలదు. కంటికి కనబడని అణువులుగా గాలిలో కలిసిపోతుంది. పైన చల్లబడి, గాలిలోని దుమ్ము, ఉప్పు రేణువుల చుట్టూ పేరుకుంటేనే మేఘం. మేఘంలోని ఒక్కో తుంపర వ్యాసం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అలాంటివి సుమారు పది లక్షలు కలిస్తే ఒక వానచినుకు. ఇక కథలోని ఆ కథానాయకుడు ఎక్కడున్నట్టు? పైగా సముద్రం నుంచి ఆవిరైన నీటిలో దాదాపు 90 శాతం మళ్ళీ సముద్రం మీదే కురుస్తుంది. కొండ ఎక్కి ఏరు దిగి వచ్చేది కొద్ది భాగమే. కథలన్నీ ఆ కొద్ది భాగాన్నే చక్రమంటాయి.

ఊరి గ్రంథాలయం నుంచి

మాస్టారూ, ఏడేళ్ళ పిల్లకు అణువుల మాట చెబితే ఏం పట్టుకుంటుంది? కాకి, నక్క మాట్లాడుకునే కథలు వినే మనమంతా పెరిగాం. నక్కలు నిజంగా మాట్లాడతాయని ఏ పిల్లవాడూ నమ్మడు. కథను కథగా తీసుకోవడం పిల్లలకు వచ్చు. ఆ వయసులో కావలసింది ఒక్కటే: నా గ్లాసులోని నీళ్ళకు ఒక గతం ఉందన్న ఆశ్చర్యం. అది లేకుండా ఎంత సైన్సు పోసినా ఇంకిపోదు.

ఇంకొకటి. బొమ్మల పుస్తకాలంటే బొట్టు కథలే కావు. వాన రోజును, చెరువును, బావిని ఉన్నదున్నట్టు చూపించేవీ ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ ఎప్పటినుంచో తెలుగులో వేస్తోంది. 'మంచి పుస్తకం', 'తూలిక' అనే ప్రచురణ సంస్థల వాళ్ళూ వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటు 2015లో మొదలయ్యాక తెలుగు పుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. నాసిరకం పుస్తకాలను చూసి మొత్తం అరను మూసేయమనడం న్యాయం కాదు.

భౌతికశాస్త్రం మాస్టారు

కాకి, నక్క ఉదాహరణే నా వాదానికి బలం, అమ్మా. పిల్లలు కాకిని చూశారు. అది మాట్లాడదని వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి కథ ఎక్కడ కల్పనో పట్టుకోగలరు. నీటి ఆవిరిని ఎవరు చూశారు? ఎసరు మరిగేటప్పుడు తెల్లగా పైకి లేచేది కూడా అప్పటికే చల్లబడిన సన్నని తుంపరలే. కనబడని దాని గురించి చెప్పే కథలో ఏది నిజమో, ఏది అలంకారమో తేల్చుకోవడానికి వాళ్ళ దగ్గర ఏ ఆధారమూ లేదు. పుస్తకంలో ఉన్నదే వాళ్ళు చూసిన మొదటి ఆవిరి.

అనంతపురం నుంచి

నేను టీచరును కాను, రైతును. మా అమ్మాయి నాలుగో తరగతి. ఆ పిల్ల తెచ్చిన పుస్తకాలు చూస్తే నాకు వేరే బాధ. ప్రతి పుస్తకంలోనూ మంచు కొండ, పచ్చటి లోయ, నీలం నది, సముద్రం. మా జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. మా పిల్లలకు నీళ్ళంటే బోరు, ట్యాంకరు, ఎండిన చెరువు. ఆ బొమ్మల్లో బోరు ఎక్కడా లేదు. చెరువు కట్ట లేదు, తూము లేదు, అలుగు లేదు. చివరికి మనిషే లేడు.

ఇది పిల్లల పుస్తకాల తప్పు మాత్రమే కాదు. 2019లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వివిధ దేశాల పాఠ్యపుస్తకాలు, ఇతర ప్రచురణల్లోని 464 జలచక్రం పటాలను పరిశీలిస్తే, మనిషి నీటిని వాడుకోవడం కనిపించింది 15 శాతం పటాల్లోనే. ఆ తర్వాత 2022లో అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ తన పటాన్ని పొలాలు, ఊళ్ళు, పంపులతో సహా కొత్తగా గీయించింది. మన పిల్లల పుస్తకాల్లోకి అది ఎప్పుడొస్తుంది?

భూమ్మీద మంచినీటిలో సుమారు 30 శాతం నేల కిందే ఉంది. నదులు, సరస్సులు అన్నీ కలిపినా ఒక శాతం కాదు. గాలిలోని ఆవిరి తొమ్మిది పది రోజుల్లో వానై దిగుతుంది. లోతు బోరులోంచి తోడే నీరు నేలలోకి దిగి కొన్ని వందల, వేల ఏళ్ళు అయి ఉండవచ్చు. బొట్టు కథ చదివిన పిల్ల "పోయిన నీళ్ళు మళ్ళీ వస్తాయిగా నాన్నా" అంటుంది. వస్తాయి. మా బోరులోకి, మా కాలంలో వస్తాయా అన్నదే ప్రశ్న. గుండ్రంగా తిరిగి ఇంటికి చేరే కథలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

ఉప్పుమడుల ఊరి టీచరు

అనంతపురం అన్నగారి మాట నన్ను పట్టేసింది. మాస్టారి మాటకు మాత్రం నా తరగతిలో చేసేది చెప్పాలి, ఎందుకంటే నేను పుస్తకం చదివి మూసేసి ఊరుకోను.

బొట్టు పైకెగిరే పేజీ దగ్గర ఆపుతాను. స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు వేసిన నీళ్ళు బల్ల మీద పెడతాను. మాది సముద్రపు గాలి, కాసేపట్లోనే గ్లాసు చెమరుస్తుంది. ఆ చెమ్మ ఎక్కడిదని అడిగితే "లోపలి నీళ్ళు ఊరాయి టీచర్" అంటారు. వాళ్ళు ఊరికే అనడం లేదు. ఇంట్లో మట్టికుండకు నిజంగానే నీళ్ళు ఊరతాయి, కుండ కింద ఇసుక తడుస్తుంది, రోజూ చూస్తున్నారు. అప్పుడు గ్లాసులో చిటికెడు పసుపు కలుపుతాను. బయట తుడిచి మళ్ళీ చూడమంటాను. లోపల పచ్చగా, బయట బొట్టు తేటగా! ఆ రెండింటినీ వేలితో తాకి, నాలుకకు రాసుకుని కూడా చూస్తారు. లోపలి నీళ్ళు కావని వాళ్ళే తేలుస్తారు. మరి ఎక్కడివి? గాలిలో నీళ్ళున్నాయన్న మాట నా నోటి నుంచి రాదు, ఎవరో ఒకరు వాళ్ళలోంచే అంటారు. వేపకొమ్మకు పాలిథిన్ సంచి కట్టి ఎండలో ఉంచితే ఆకుల నుంచి వచ్చే చెమ్మ కూడా కనబడుతుంది.

ఉప్పుమడులు మా పిల్లలకు పెరడు లాంటివి. మడిలో పెట్టిన ఉప్పునీరు ఎండకు ఏమైందో, ఉప్పు ఎందుకు మిగిలిందో వాళ్ళ ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే ఉంది. సముద్రం ఉప్పన, వాన ఎందుకు చప్పన అని అడిగితే మడి చూపించి చెప్పిన పిల్ల ఉంది నా తరగతిలో. ఆ తర్వాత మళ్ళీ పుస్తకం తెరిచి, "ఈ బొమ్మలో తప్పెక్కడుంది?" అని అడుగుతాను. "ఈ బొట్టు ఇక్కడ కనబడకూడదు టీచర్" అంటారు.

అనంతపురం నుంచి

మంచి పద్ధతి, అమ్మా. మా దగ్గర మే నెలలో చేస్తే గ్లాసు మీలా చెమర్చదు, మా గాలి పొడి. అదే కుండ మాత్రం మీ ఊళ్ళో కంటే మా ఊళ్ళో నీళ్ళను బాగా చల్లబరుస్తుంది. రెండు ఊళ్ళ పిల్లలూ ఒకే రోజు గ్లాసు పెట్టి ఒకరికొకరు రాసుకుంటే, ఏ పుస్తకంలోనూ లేని పాఠం అవుతుంది. బోరూ చెరువూ మా పిల్లలతోనే గీయిస్తాను.

భౌతికశాస్త్రం మాస్టారు

టీచరు గారూ, మీరు చేసేది నాకు అభ్యంతరం లేదు, నిజానికి సంతోషం. కానీ అందులో పాఠం చెప్పింది గ్లాసూ, ఉప్పుమడీ. పుస్తకం కాదు. గ్లాసు లేని తరగతి గదులు ఎన్నో, అక్కడ పుస్తకం ఒక్కటే చదివి పాఠం అయిందనిపిస్తారు. అందుకే బొట్టు కథను తెలుగు పీరియడ్‌లో చదివించండి, సైన్సుకు దాన్ని దూరంగా ఉంచండి అంటాను. ముందు గ్లాసు, తర్వాతే కథ.

ఊరి గ్రంథాలయం నుంచి

ముందు గ్లాసు పెడితే పిల్లలకు అది చెమ్మ మాత్రమే. కథ విన్నాక అయితే దాంట్లో వాళ్ళకు తెలిసిన బొట్టు ఉంటుంది, అది ఎటు నుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదల ఉంటుంది. నేను వరుస మార్చను.

ఉప్పుమడుల ఊరి టీచరు

మాస్టారూ, హైస్కూలులో గంట మోగితే టీచరు మారతారు. మా దగ్గర తెలుగూ నేనే, సైన్సూ నేనే, పిల్లలు కూర్చున్న చోటు నుంచి కదలరు. తెలుగు పీరియడ్‌లో నేను చదివిన బొట్టు కథను వాళ్ళు సైన్సు పీరియడ్‌కు మోసుకురాకుండా ఎలా ఆపను? ఎలాగూ వచ్చేదాన్ని బల్ల మీద పెట్టి, పక్కన గ్లాసు పెట్టడమే నాకు తెలిసిన దారి. గ్లాసు లేని తరగతుల గురించి మీరన్నది మాత్రం నిజం. ఈ వానాకాలం కాంప్లెక్స్ సమావేశంలో ఆ స్టీలు గ్లాసూ పసుపూ పట్టుకెళ్ళి, నన్ను ప్రశ్నించిన ఆ ఉపాధ్యాయుడి ముందే చేసి చూపిస్తాను.