3,500 లోపు ట్రెక్కింగ్ బూట్లు: అహోబిలానికీ, డిసెంబరులో కేదార్‌కంఠకీ ఒకటే జత సరిపోతుందా?

పాలకంకి

నమస్తే అండీ. తిరుమల మెట్లదారి తప్ప నాకు కొండలెక్కిన అలవాటు లేదు. నవంబరులో అహోబిలం వెళ్లి నవ నారసింహ క్షేత్రాలన్నీ నడిచి, ఓపికుంటే ఉగ్రస్తంభం కూడా ఎక్కాలని ఉంది. డిసెంబరు ఆఖర్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం. బూట్లకు 3,500 దాటి పెట్టలేను. చీలమండ దాకా వచ్చేవి కొనాలా, పొట్టివి చాలా? వాటర్‌ప్రూఫ్ తప్పనిసరా? ఇంకో చిక్కేంటంటే నా పాదం ముందు భాగం వెడల్పు. 8 సైజు వేస్తే చిటికెనవేలు నొక్కుకుంటోంది, 9 వేస్తే మడమ జారుతోంది. పాత రన్నింగ్ షూస్ ఉన్నాయి, అడుగు కొంచెం అరిగింది. అహోబిలానికి వాటితోనే కానిచ్చేస్తే ఏమవుతుంది?

గుండంరాయి

ముందు ఆ "ఒకటే జత" ఆలోచన వదిలేయండి. మీరు చెప్పిన రెండు చోట్లకూ కావలసినవి పూర్తిగా వేరు. కేదార్‌కంఠ దగ్గర దగ్గర 12,500 అడుగులు, డిసెంబరు ఆఖరుకి మంచు ఉంటుంది. అక్కడ బూటు లోపలికి తడి రాకూడదు, లోపలి వెచ్చదనం బయటికి పోకూడదు. అహోబిలంలో ఆ రెండు గుణాలే మిమ్మల్ని ఏడిపిస్తాయి.

ఎందుకో చెబుతాను. వాటర్‌ప్రూఫ్ బూటులో పైగుడ్డకీ లోపలి అస్తరుకీ మధ్య పల్చటి పొర ఒకటి ఉంటుంది. బయటి తడిని అది ఆపుతుంది, నిజమే. కానీ ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహ స్వామి వైపు దారి భవనాశి వాగు వెంబడే సాగుతుంది. రాయి మీంచి కాలు జారి చీలమండ మునిగే నీళ్లలో పడిందంటే నీళ్లు పైనుంచే బూట్లోకి దిగుతాయి. ఆ పొరే వాటిని మళ్లీ బయటికి పోనివ్వదు. ఇక రోజంతా బూట్లో నీళ్లు మోస్తూ నడవడమే, మర్నాటికి కూడా ఆరవు. జాలీగుడ్డ షూ అయితే నీళ్లు ఎంత త్వరగా దిగుతాయో అంత త్వరగా అడుగడుక్కీ పిండుకుపోతాయి. ఎండ బాగుంటే మధ్యాహ్నానికి చెమ్మ మాత్రం మిగులుతుంది. నాగలాపురం మడుగుల దారికైనా, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం వెళ్లేవాళ్లకైనా నేను చెప్పేది ఇదే. మన ఉక్కకి వాటర్‌ప్రూఫ్ బూటులో వాన పడకపోయినా చెమటతోనే మేజోళ్లు తడుస్తాయి.

కాబట్టి ఇక్కడి కొండలకి పొర లేని జాలీ షూ కొనండి. మంచు బూట్లు కేదార్‌కంఠ నడక మొదలయ్యే సాంక్రీ ఊళ్లో అద్దెకు దొరుకుతాయి. మంచు బూట్లోకి దూరకుండా పిక్కకి చుట్టుకునే గెయిటర్లు, అడుగుకి తగిలించుకునే మైక్రోస్పైక్స్ కూడా అక్కడే. ఒక్క ట్రిప్పు కోసం ఐదారు వేలు పెట్టి కొని అటక మీద పెట్టొద్దు.

డెకాత్లాన్ షాపుకి వెళితే వాళ్ల క్వెచువా బ్రాండు షూస్ పేర్లలోనే వాడకం రాసి ఉంటుంది. ఎన్‌హెచ్ అంటే చదునైన అడవి బాటలకు, ఎమ్‌హెచ్ కొండ దారులకు, ఎస్‌హెచ్ మంచుకు. రాళ్ల దారి కాబట్టి మీ బడ్జెట్‌లో పొర లేని ఎమ్‌హెచ్ రకం దొరికితే అది తీసుకోండి. ఏ కంపెనీదైనా కొనే ముందు చేతిలోకి తీసుకుని ఈ పరీక్షలు చేయండి. ముందూ వెనకా పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి. సులువుగా తిరిగిపోతే రాళ్ల మీద మీ పాదం కూడా అలాగే తిరుగుతుంది. తర్వాత ముందు భాగాన్ని పైకి వంచండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. నడుమ, అరికాలు గుంట దగ్గర మడత పడితే పక్కన పెట్టేయండి. అడుగు పళ్లు కనీసం 4 మిల్లీమీటర్ల లోతుండి, వాటి మధ్య మట్టి రాలిపోయేంత ఖాళీ ఉండాలి. మడమ కింద అంచు గుండ్రంగా కాకుండా మెట్టులా కోసినట్టుంటే దిగేటప్పుడు బ్రేకులా పట్టుకుంటుంది. రబ్బరులో గోరు గుచ్చి చూడండి, కాస్తయినా దిగాలి. ప్లాస్టిక్‌లా గట్టిగా ఉన్న అడుగు తడిరాయి మీద సబ్బుబిళ్లలా జారుతుంది. పాచి పట్టిన రాయి మీద మాత్రం ఎంత ఖరీదైన అడుగూ నిలవదు, అక్కడ చేతికర్రే దిక్కు.

మీ రన్నింగ్ షూస్ సంగతి. వాటి నురుగు మెత్తన, కూచిరాయి నేరుగా అరికాలికి తెలుస్తుంది. ముందువైపు గట్టి రబ్బరు కప్పు ఉండదు కాబట్టి రాయి తగిలితే దెబ్బ వేలికే. అరిగింది మడమ బయటి అంచు అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే దిగుడులో మొదట నేలకి తగిలేది అదే. ఉగ్రస్తంభానికి వాటితో వెళ్లొద్దు.

బరువు కూడా చూడండి. 15 కిలోమీటర్ల నడకంటే సుమారు 20 వేల అడుగులు, ఒక్కో కాలు 10 వేల సార్లు లేస్తుంది. బూటు 200 గ్రాములు ఎక్కువైతే సాయంత్రానికి ఒక్కో కాలితో రెండు టన్నులు అదనంగా ఎత్తినట్టు. ట్రెక్కింగ్ వాటిలా కనిపించే బరువైన తోలు బూట్లు చాలా షాపుల్లో ఉంటాయి. వాటి అడుగు సిమెంటు రోడ్ల కోసం చేసింది.

మెట్టదారి

గుండంరాయి గారితో చాలావరకు ఏకీభవిస్తాను. ఎత్తు గురించి వారు చెప్పలేదు కాబట్టి అది నేను చెబుతాను. చీలమండ దాకా ఉంటే కాలు మెలిక పడదని షాపుల్లో చెబుతారు. 3,500 లోపు బూట్లలో ఆ పైభాగం మెత్తటి స్పంజి పట్టీ మాత్రమే, ఒళ్లంతా ఒరిగితే దాన్ని ఆపే బలం దానికి లేదు. మెలికని ఆపేవి వెడల్పైన అడుగు, గట్టి మడమ కప్పు, అలసిపోని కాళ్లు. ఎక్కువగా కాళ్లు మెలిక పడేది దిగేటప్పుడు, అలసట మీద.

అయినా ఎత్తు బూటుకి రెండు లాభాలున్నాయి. చీలమండ ఎముకకి రాయి కొట్టుకోదు, గులకరాళ్లు లోపల పడవు. వీపు మీద 8-10 కిలోలు మోస్తున్నా, ఇదివరకు చీలమండ బెణికి ఉన్నా ఎత్తువే తీసుకోండి. చిన్న సంచితో ఒక పూట నడకకి పొట్టివి చాలు.

అహోబిలం విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక్కో క్షేత్రం దగ్గరా పాదరక్షలు విప్పాల్సిందే. జ్వాల, మాలోల, వరాహ... అన్నిచోట్లా పైదాకా లేసులు విప్పి మళ్లీ బిగించడం విసుగు. ఆ విసుగులోనే జనం లేసులు వదులుగా వదిలేసి నడుస్తారు, పొక్కులు వచ్చేది అక్కడే. పొట్టి షూ అక్కడ నిజంగా సుఖం. విప్పినప్పుడు మేజోళ్లు కూడా తీసేయండి, లేదంటే వాటికంటిన ఇసక బూట్లోకి వచ్చి చర్మాన్ని గీకుతుంది. జాలీ మరీ పెద్ద కన్నాలది వద్దు, పల్లేరు ముళ్లు నేరుగా లోపలికొస్తాయి. వెలుతురుకి ఎత్తి చూస్తే అవతలి వస్తువు స్పష్టంగా కనబడకూడదు.

పాలకంకి

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. అయితే పొట్టి జాలీ షూ, మంచుకి అద్దె. మరి ఆ సైజు గొడవ ఎలా తేల్చుకోవాలి? అద్దె బూట్లలో ఏం చూడాలి?

కొలతబద్ద

చెప్పులతో పెరిగిన పాదాలు ముందువైపు విచ్చుకుని ఉంటాయి, మనలో చాలామందికి ఇదే సమస్య. వెడల్పు చాలక సైజు పెంచితే పొడవు పెరిగి మడమ జారుతుంది. మీకు జరిగింది అదే.

సాయంత్రం పూట వెళ్లండి. పొద్దున్నుంచి నడిచిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, కొండ మీద ఉండేదీ అలాగే. ట్రెక్‌లో వేసుకునే మేజోళ్లే తీసుకెళ్లండి. ఇంట్లో గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడి, పొడవైన వేలు దగ్గర గీత పెట్టి రెండు పాదాలూ కొలవండి. పెద్దదాన్ని బట్టే సైజు. కొందరికి బొటనవేలి కంటే పక్కవేలు పొడవు, అది మర్చిపోవద్దు.

షాపులో మొదట లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి దాని మీద నిలబడండి. చిటికెనవేలు అంచు దాటి బయటికి వేలాడుతుంటే ఆ మోడల్ మీది కాదు, ఎంత నచ్చినా సరే. తోలు అయితే కొంత సాగుతుంది. జాలీ మీద అతికించిన ప్లాస్టిక్ పట్టీలు సాగవు, చివరిదాకా కరుస్తూనే ఉంటాయి.

తర్వాత లేసులు కట్టకుండా తొడిగి, వేళ్లు ముందుకి తగిలేదాకా పాదాన్ని జరపండి. మడమ వెనక చూపుడువేలు దూరాలి. రెండు వేళ్లు దూరితే పెద్దది. అప్పుడు మడమ వెనక్కి కొట్టి లేసులు కట్టండి, వేళ్ల ముందు 10-12 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. షాపులో వాలుబల్ల ఉంటే దిగి చూడండి. లేకపోతే మెట్లు దిగండి, ముందు గోడకి కాలి ముందుభాగం నాలుగుసార్లు తట్టండి. వేలు తగిలిందా, దిగుడులో రెండు గంటలకి గోరు నల్లబడుతుంది.

యూకే కొలతలో 8కి 9కి మధ్య తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు. యూరో కొలతలో ఒక్కో సైజుకి 6.7 మాత్రమే. అందుకే అరసైజు అడగండి, లేదా యూరో అంకెలతో వచ్చే మోడళ్లు వేసి చూడండి, మధ్యలో ఎక్కడో మీది దొరుకుతుంది.

8.5లో ముందుభాగం బాగుండి మడమ ఇంకా కొంచెం లేస్తుంటే లేసుతో సరిచేయొచ్చు. కింది రెండు జతల కన్నాల దగ్గర లేసు వదులుగా ఉంచండి. పాదం పైమడత దగ్గరికి వచ్చాక ఒక ముడికి బదులు లేసుని రెండుసార్లు చుట్టి లాగండి, ఆ బిగింపు కిందికి జారదు. ఇక అన్నిటికంటే పైన ఉన్న కన్నం. చాలా షూస్‌లో అది కాస్త వెనక్కి ఉంటుంది, అందరూ వదిలేసేది. లేసు కొనని అదే వైపు పై కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండో వైపూ అంతే. ఎడమ కొన కుడి ఉచ్చులోంచి, కుడి కొన ఎడమ ఉచ్చులోంచి తీసి కిందికి, వెనక్కి లాగి ముడి వేయండి. మడమ గూట్లో కూర్చున్నట్టు కూర్చుంటుంది. దిగుడు మొదలయ్యే ముందు ఒకసారి ఆగి మళ్లీ బిగించుకోవాలి.

నల్లదారం

అద్దె బూట్లకీ, తగ్గింపు ధరలో దొరికే పాత స్టాకుకీ చూడాల్సింది దాదాపు ఒకటే. అడుగుకీ పైభాగానికీ మధ్య ఉండే నురుగు పీయూ (పాలీయురెథేన్) రకం అయితే గాల్లోని చెమ్మకి అది లోలోపల విరుగుతుంది. తొడగకపోయినా, అట్టపెట్టెలో కొత్తగా కనబడుతున్నా సరే, కొన్నేళ్లకి పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఇంకా తొందరగా. లేసుల కింద ఉండే నాలుక లోపలి చీటీ మీద తయారీ నెల, సంవత్సరం ఉంటుందేమో చూడండి. పక్క నురుగుని బొటనవేలితో గట్టిగా నొక్కండి. సన్నటి పగుళ్లు కనబడినా, వేలికి పొడి అంటినా తీసుకోవద్దు. ఈవీఏ అనే ఇంకో రకం నురుగు ఇలా పొడిగా రాలదు, వాడేకొద్దీ అణిగి పల్చనవుతుంది.

తర్వాత ముందు కొన దగ్గర అడుగుకీ పైభాగానికీ మధ్య గోరు పెట్టి లాగి చూడండి. జిగురు ఊడటం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే బూటు ప్రతి అడుగుకీ వంగేది ఆ పక్కనే. మంచుకి అద్దె తీసుకునేటప్పుడు మందపాటి మేజోళ్లతో వేళ్లు ఆడుతున్నాయో లేదో చూసుకోండి. చలి అని రెండు జతలు కుక్కితే రక్తం సరిగ్గా ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. మందంగా ఉన్న ఉన్ని జత ఒక్కటి, బూటు లోపల కాస్త గాలి... అదీ వెచ్చదనం.

అహోబిలానికి నూలు మేజోళ్లు వద్దు. తడిని పట్టి ఉంచుతాయి, నానిన చర్మం తేలిగ్గా లేచిపోతుంది. పాలిస్టర్ లేదా ఉన్ని కలిసినవి రెండు జతలు చాలు. 3,500లో 500 వీటికి పక్కన పెట్టండి.

కొత్తవి తెచ్చాక రెండు మూడు రోజులు ఇంట్లోనే గంటేసి సేపు తొడుక్కోండి, వాపసు ఇవ్వాల్సి వస్తే అడుగు మాయకుండా ఉంటుంది. తర్వాత 3-4 కిలోమీటర్లు, ఆపై సంచితో 8-10. మొత్తం 30 కిలోమీటర్లన్నా నడిచాకే కొండకి. ఎక్కడైనా వెచ్చగా చురుక్కుమంటే అక్కడికక్కడే ఆగి టేపు వేయండి. మందుల షాపులో దొరికే గుడ్డ టేపు చాలు, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే అంచులు లేవవు. పొక్కు వచ్చాక వేసే టేపుతో సగం ఫలితమే.

పాలకంకి

చాలా వివరంగా చెప్పారు. ఒక్క సందేహం మిగిలింది. దారిలో అడుగు ఊడితే? తడిసినవి త్వరగా ఆరాలంటే మంట దగ్గర పెట్టొచ్చా?

నల్లదారం

మంట దగ్గర అసలొద్దు. జిగురు మెత్తబడి ఊడేది ఆ వేడికే. ఇన్‌సోల్ బయటికి తీసి, లేసులు వదులు చేసి నాలుక ముందుకి లాగి, లోపల వార్తాపత్రిక ఉండలు కుక్కి గాలి తగిలే నీడలో పెట్టండి. గంటకోసారి కాగితం మార్చండి.

ఊడితే పనికొచ్చేలా రెండు మీటర్ల సన్నటి నైలాన్ తాడు, నాలుగు ప్లాస్టిక్ టైలు సంచిలో ఉంచుకోండి. ముందు కొన దగ్గర బూటు చుట్టూ చుట్టేటప్పుడు తాడు అడుగు పళ్ల మధ్య గాడిలో పడాలి. పళ్ల మీద నుంచి వెళితే వంద గజాల్లో అరిగి తెగుతుంది. ఇంటికొచ్చాక పాత జిగురు గీకేసి రబ్బరు జిగురు రెండు వైపులా పూసి, చేతికి అంటనంత ఆరాక అతికించి రాత్రంతా బరువు కింద పెట్టండి. అడుగు అంచు పక్కకి పైదాకా లేచి ఉన్న మోడల్ అయితే చెప్పులు కుట్టే అతనితో చుట్టూ నైలాన్ దారం వేయించండి. నురుగు అంచు వాటికి కుట్టు నిలవదు, దారం నురుగుని కోసేస్తుంది.