దైవావేశము 'వలన'నా, 'చేత'నా?

సముద్రపుగాలి: మా నాన్నగారు చాలా ఏళ్లు సండేస్కూల్లో పాఠాలు చెప్పారు. ఆయన బైబిల్ అట్ట లోపలివైపు "దైవావేశము చేత కలిగిన ప్రతి లేఖనము" అని తన చేతిరాతతో రాసుకున్నారు. నిన్న అది గుర్తొచ్చి, పౌలు పేరుతో ఉన్న రెండో తిమోతి ఉత్తరం 3:16 తీస్తే అక్కడ "దైవజనుడు సన్నద్ధుడై" అని ఉంది. నాకు కావాల్సింది 17లో దొరికింది. అదీ 'చేత' కాదు, 'వలన'. నాన్న పొరపాటు పడ్డారా, పాత ముద్రణల్లో 'చేత' ఉండేదా? పుస్తకం తమ్ముడి దగ్గర ఉంది.

కందంప్రియుడు: 16, 17 తారుమారు మన భాష చేసిన పని. గ్రీకులో "దైవజనుడు సిద్ధపడునట్లు" అన్నది చివర వస్తుంది. తెలుగులో "అట్లు" ముందు, క్రియ వెనక. అనువాదకులు మాటలు మార్చారు, అంకెలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. ఇక చేత తృతీయ, వలన పంచమి, చిన్నయసూరిగారి వ్యాకరణం లెక్క అందరికీ తెలిసిందే. తెలిసిన తేడాయే గానీ ఇక్కడ చిన్నది కాదు. 'చేత' అంటే చేసినవాడు దేవుడు. 'వలన' అంటే అక్కడి నుంచి వచ్చింది, మధ్యలో ఎవరి చేయి ఉందో చెప్పదు.

నిదానం: విభక్తి సంగతి తర్వాత చూద్దాం, నన్ను తొలిచేది 'ఆవేశము'. గ్రీకు మాట థియోప్న్యూస్టోస్, అంటే దేవుడు ఊదినది. కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. ఆదికాండంలో "జీవవాయువును ఊదగా" అని చక్కగా రాసినవాళ్లు ఇక్కడ ఆ ఊపిరి వదిలేసి ఆవేశం ఎందుకు తెచ్చారు? మన ఊళ్లలో ఆవేశం అంటే జాతరలో వచ్చేది!

కందంప్రియుడు: ఆ + విశ్, లోపలికి ప్రవేశించడం. జాతర అర్థం తర్వాతిది.

నిదానం: ధాతువు నాకూ తెలుసు మాస్టారూ. చదివేవాడి చెవికి ఏది వినపడుతుందన్నదే ప్రశ్న. పూనకం వచ్చినవాడి మాట వాడిది కాదు, లేచాక వాడికి గుర్తుండదు. లేఖనం అలా పుట్టిందనుకుంటే పౌలు ఉత్త బాకా అవుతాడు.

పాతసెమినరీ: సరిగ్గా అందుకే లూకా మొదటి వాక్యం చూడమంటాను. "వ్రాయుటకు అనేకులు పూనుకొన్నారు గనుక... వాటన్నిటిని మొదటనుండి తరచి పరిష్కారముగా తెలిసికొనియున్న నేనును". పూనకం కాదండీ, పూనుకోవడం! 'తరచి', 'పరిష్కారముగా' అంటే తాళపత్రాలు ముందేసుకున్న వేటూరి ప్రభాకరశాస్త్రిగారు కళ్ల ముందు మెదులుతారు. బైబిల్ మీద పరిశోధన చేస్తే విశ్వాసం పోతుందని భయపడేవాళ్లకు లూకానే చూపిస్తాను, ఆయన తనకు ముందువాళ్ల రాతలు వెతికినవాడు.

ఇంకొకటి. 'కలిగిన ప్రతి లేఖనము' అన్నప్పుడు 'కలిగిన' దేన్నైనా వడపోస్తోందా? "పండిన ప్రతి కాయా కోయి" అంటే పచ్చివి వదిలేయమని. "తెల్లని ప్రతి హంసా" అంటే నల్ల హంసలు వేరే ఉన్నాయని కాదు. 'కలిగిన' లాంటి మన ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం, రెంటికీ సరిపోతుంది. గ్రీకులో 'కై' ('మరియు' లేదా 'కూడా') అని ఒక చిన్న మాట ఉంది, 'ఉన్నది' అన్న క్రియ లేదు. 1611 ఇంగ్లీషు బైబిల్ అనువాదకులు "లేఖనమంతా దైవప్రేరితం, మరియు ప్రయోజనకరం" అన్నారు. 1881 సవరణలో "దైవప్రేరితమైన ప్రతి లేఖనమూ ప్రయోజనకరం కూడా" అయింది. లూథర్ జర్మన్‌లో ఆ 'కై' దాదాపు మింగేశాడు. మన తెలుగూ 'కై'ని వదిలేసి అటువైపే మొగ్గింది. అదే 1881లో అమెరికాలో హాడ్జ్, వార్‌ఫీల్డ్ అనే వేదాంతులు కలిసి లేఖనంలో పొరపాటుకు చోటే లేదని వ్యాసం రాశారు. వాక్యంలో ఉన్నది 'ప్రయోజనకరమై' మాత్రమే.

ఎజ్రాపేట: అన్నా, వందనాలు. మీ మాటల దారి ఎటు పోతుందో నాకు తెలుసు. తర్వాత "ఈ ఉత్తరం పౌలు రాయనే లేదు" అంటారు.

పాతసెమినరీ: నేననడం కాదు తమ్ముడూ, విమర్శక పండితుల్లో ఎక్కువమంది అంటున్నారు. 1807లో ష్లయర్‌మాకర్ అనే జర్మన్ పండితుడు మొదటి తిమోతి మీద మొదలుపెట్టాడు, అనుమానం రెండో తిమోతికీ, తీతు ఉత్తరానికీ పాకింది. మాటల తీరు, సంఘంలో పెద్దల వ్యవస్థ వేరే కాలానివని వాళ్ల వాదన. లేఖనం దైవావేశమని చెప్పే వాక్యమే ఎవరు రాశారో తేలని ఉత్తరంలో ఉంది. నేను మొదటిసారి విన్నప్పుడు రెండు రాత్రులు నిద్రపోలేదు, అంత టెన్షన్.

ఎజ్రాపేట: నాలుగో అధ్యాయం చదవండి. త్రోయలో కర్పు దగ్గర వదిలొచ్చిన అంగీ, పుస్తకాలు, "ముఖ్యముగా చర్మపు కాగితములను" తెమ్మంటాడు. ఒకరి పేరు పెట్టుకుని రాసేవాడికి అంగీ గొడవ ఎందుకు? అది చలి వేస్తున్న మనిషి రాత.

పాతసెమినరీ: ఆ అంగీ నాకూ ఇష్టం. 1921లో హారిసన్ అనే ఆయన, ఇలాంటి చోట్లు అసలు పౌలు చీటీలేననీ, వాటి చుట్టూ తర్వాతివాళ్లు ఉత్తరం అల్లారనీ అన్నాడు. ఎక్కువమంది ఒప్పుకోలేదు.

నిదానం: 'చర్మపు కాగితములు' ఎంత బాగుంది! తోలుకు కాగితం అని పేరు.

కందంప్రియుడు: తెలుగువాళ్లకు ఇందులో కంగారెందుకో నాకు అర్థం కాదు. పోతన భాగవతంలో పంచమస్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండూ నారయవి. చదివి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఎవరైనా విడదీస్తారా? యెషయా నలభయ్యో అధ్యాయం నుంచి వేరే ప్రవక్త అంటే, పర్షియా రాజు కోరెషు పేరు వచ్చింది కాబట్టి బబులోను చెరకాలపు రచన అంటే, మన కళ్లకు అది సింగనలాంటివాడే. పైగా పోతన ఏమన్నాడు? "పలికెడిది భాగవతమట, పలికించెడి విభుండు రామభద్రుండట". ఆ 'అట' చూడండి. దైవావేశాన్ని ఇంతకంటే వినయంగా ఎవరు చెప్పారు? నాకు పూనింది అనలేదు, అట అన్నాడు.

నిదానం: మాస్టారూ, కందంప్రియులు పేరు పెట్టుకుని కందం తప్పారు. "పలికిం, చెడివిభుం" దగ్గర ఒక మాత్ర ఎక్కువైంది. "పలికించెడివాడు" అయినా ఉండాలి, "పలికించు విభుండు" అయినా ఉండాలి. రెండూ కలిపి చదివారు.

కందంప్రియుడు: చిన్నప్పటి నోటిపాఠం అలాగే వచ్చింది. సరే, "పలికించెడివాడు". 'డు రామ' ఆరో గణం జగణం, సరిపోయింది.

నిదానం: 'చు విభుం, డు రామ' అన్నా జగణమే. అచ్చుపుస్తకాలు 'వాడు' వైపు ఉన్నాయి గానీ, నా ఓటు విభుండికే. పలికించేవాణ్ని 'వాడు' అనడానికి నాకు నోరు రాదు.

ఎజ్రాపేట: భాగవతం పోలిక నాకు ఒప్పదండీ. గంగన తన పేరు తాను చెప్పుకున్నాడు, పోతనని అనలేదు. ఇక్కడ "పౌలు" అని మొదలవుతుంది. తేడా అక్కడే ఉంది. కానీ 'అట' మాట బాగుంది, ఆదివారం ప్రసంగంలో వాడుకుంటాను, ఎక్కడ విన్నానో మాత్రం చెప్పను.

సముద్రపుగాలి: అందరికీ థాంక్స్, నా 'చేత' గురించి కందంప్రియుడు గారు తప్ప ఎవరూ ఎత్తలేదు :) ఇప్పుడే తమ్ముడు ఫోటో పంపాడు. 'చేత' లేదు, 'వలన' కూడా లేదు. "దైవావేశమున గలిగిన ప్రతిలేఖనము" అని ఉంది, నాన్న చేతిరాతే. 'చేత' నాకు ఎక్కడి నుంచి వచ్చిందో మరి.

కందంప్రియుడు: గలిగిన! సరళాదేశం చేసి మరీ రాశారు. మీ నాన్నగారికి నమస్కారం.

నిదానం: ఆగండి. ఆ 'న' "కోపమున తిట్టెను"లోని 'న'నా, "వనమున తిరిగెను"లోని 'న'నా?