వ్యాపారం మూసేయాలా, ఇంకొంత కాలం పట్టుకుని ఉండాలా?

ఒంటరిబాట:
అందరికీ నమస్కారం. భాగస్వామితో కలిసి నడుపుతున్న వ్యాపారం కొన్నేళ్లుగా ఎదుగూ బొదుగూ లేకుండా ఉంది. జీతాలు, అద్దె ఎలాగో వెళ్లిపోతున్నాయి, మా ఇద్దరికీ ఏమీ మిగలట్లేదు. ఆపేద్దామని తను, ఇంకొంత అప్పు తెచ్చి నిలబెడదామని నేను. పోయినచోటే వెతుక్కోవాలి అంటారు కదా. ఇంత పెట్టాక వదిలేస్తే అంతా వృథాయేగా? మీరైతే ఏం చేస్తారు?

పట్టువదలను:
వదలొద్దండి. జేమ్స్ డైసన్ సంచి అక్కర్లేని వాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు చేశాడు. అన్నేళ్లూ అప్పులే. భార్య బొమ్మలు గీయడం నేర్పి సంపాదించిన డబ్బు ఇంటిని ఆదుకుంది. వెయ్యో నమూనా దగ్గర ఎవరో "ఇక చాలు" అని ఒప్పించి ఉంటే ఆ కంపెనీయే ఉండేది కాదు. సగం దారిలో ఉన్న ఏ వ్యాపారమైనా బయటివాళ్లకు ఓడిపోతున్నట్టే కనిపిస్తుంది.

లెక్కలపుస్తకం:
డైసన్ ఒక్కో నమూనాలో ఒక్క మార్పే చేసి, ఫలితం చూసుకుని, తర్వాతిదానికి వెళ్లేవాడు. అంటే ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా తెలిసేది. దాన్ని నేనూ పట్టుదలే అంటాను. నిరుడు అమ్మినట్టే ఈ ఏడూ అమ్ముతూ, ఈసారైనా జనం వస్తారని కూర్చుంటే అది పట్టుదల కాదు. పైగా ఆయనలాగే పట్టుబట్టి మునిగిపోయినవాళ్ల కథలు మనదాకా రావు.

ఇక "పెట్టిందంతా వృథా" అన్న మాట. పెట్టింది ఎప్పుడో ఖర్చయిపోయింది. ఇప్పుడు తేల్చుకోవాల్సింది కొత్తగా పెట్టబోయే రూపాయి గురించే. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు కొందరిని ఇలా అడిగారు: మీ కంపెనీ ఒక విమానం తయారీకి పెట్టుబడిలో 90 శాతం ఖర్చుపెట్టేసింది, ఇంతలో పోటీ కంపెనీ అంతకంటే మంచిది తెచ్చింది, మిగతా డబ్బూ పెడతారా? ఎక్కువమంది పెడతామన్నారు. ముందు ఖర్చు ఊసే లేకుండా అడిగితే చాలా కొద్దిమందే సరేనన్నారు. వస్తువు అదే, పోటీ అదే.

అదే ఏడాది ఇంటెల్‌కు ఇలాంటి చిక్కే వచ్చింది. మెమరీ చిప్‌లతోనే పుట్టి పెరిగిన కంపెనీ, జపాన్ పోటీకి తట్టుకోలేకపోతోంది. మనల్ని తీసేసి కొత్తవాణ్ని కూర్చోబెడితే అతనేం చేస్తాడని కంపెనీ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ సీఈఓ గోర్డన్ మూర్‌ను అడిగాడు. మెమరీలు ఆపేస్తాడని మూర్ జవాబు. అయితే ఆ పని మనమే చేద్దామన్నాడు గ్రోవ్. మీరూ మీ భాగస్వామీ ఈ ప్రశ్న వేసుకోండి: ఈ వ్యాపారం ఇవాళ ఇదే స్థితిలో అమ్మకానికి వస్తే కొంటారా?

పట్టువదలను:
మెమరీలు వదిలేసినా ఇంటెల్ చేతిలో మైక్రోప్రాసెసర్లు, అంటే కంప్యూటర్‌కు మెదడులాంటి చిప్‌ల వ్యాపారం ఉందండీ. అడగడం తేలికే. ఈయన ఆపేస్తే ఎక్కడికి వెళ్తారు? ఉన్న ఖాతాదారులు, సంపాదించుకున్న మంచి పేరు, పని తెలిసిన మనుషులు ఒక్కసారి చెదిరిపోతే మళ్లీ కూడవు. వాటి విలువ మీ లెక్కలో లేదు.

గల్లాపెట్టె:
ఆ విలువ నిజమే. అందుకే డబ్బు పూర్తిగా అయిపోయేదాకా ఆగొద్దంటాను. స్టువర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం 2012లో గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆటను మూసేసినప్పుడు వాళ్ల దగ్గర ఇంకా డబ్బుంది. ఉద్యోగాలు పోయినవాళ్లకు వేరే పని వెతికిపెట్టారు. మిగిలిన కొద్దిమందీ తాము లోపల మాట్లాడుకోవడానికి తయారుచేసుకున్న పనిముట్టునే స్లాక్ అనే ఆఫీసు సందేశాల యాప్‌గా మలిచారు. చివరి పైసాదాకా ఆటమీదే పోసి ఉంటే ఆ అవకాశమే లేదు.

సరుకు ఇచ్చినవాళ్ల బాకీ, పనివాళ్ల జీతం, ముందుగా తీసుకున్న అడ్వాన్సులు, ఇవన్నీ కట్టడానికి ఎంత కావాలో ఇవాళే రాసుకోండి. ఖాతాలో డబ్బు అంతకు దగ్గరపడిన రోజు మూసేయాలి. మన కలకోసం మన డబ్బు పోగొట్టుకునే హక్కు మనకుంది, నెలాఖరు జీతంకోసం చూసే మనిషి డబ్బు ముట్టుకునే హక్కు లేదు.

పట్టువదలను:
బాకీల మాట ఒప్పుకుంటాను. కానీ కొన్ని వ్యాపారాలకు గిరాకీ ఉండే నెలలు వేరు, లేని నెలలు వేరు. డల్ సీజన్‌లో గీత గీసుకుంటే బాగుపడే వ్యాపారం కూడా పోతుంది. ఏడాది మొత్తం చూడాలి.

ఒంటరిబాట:
అందరికీ ధన్యవాదాలు. ఇవాళ కొంటారా అన్న ప్రశ్నకు భాగస్వామి వెంటనే కొననంది, నేను తేల్చి చెప్పలేకపోయాను. పాత ఖాతాదారులు మళ్లీ మళ్లీ వస్తున్నారు, కొత్తవాళ్లు రావట్లేదు. అప్పు కావాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి.

గల్లాపెట్టె:
తాకట్టు సంగతి ముందే చెప్పాల్సిందండీ. మళ్లీ వస్తున్న ఆ పాతవాళ్లు ఏం కొంటున్నారో విడిగా లెక్క తీయండి. ఆ ఒక్కటే ఉంచి మిగతావి ఆపేస్తే అప్పు లేకుండా నడుస్తుందేమో చూడండి. ఆ లెక్క తేలేదాకా తాకట్టు పత్రాలమీద సంతకం పెట్టకండి.