పాత ఎలక్ట్రానిక్ వస్తువులను పాత సామాన్లు కొనేవారికి అమ్మవచ్చా?

చర్చకు పెట్టిన ప్రశ్న:
పాడైన ఫోన్లను, కంప్యూటర్లను పాత సామాన్లు కొనేవారికి అమ్మడం తప్పేనని నా అభిప్రాయం. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయితే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. ప్రభుత్వ అనుమతి ఉన్న అధీకృత కేంద్రాలకు తప్ప మరెవరికీ ఇవ్వకూడదనే నియమం ఉండాలి. మీరేమంటారు?

మొదటి సభ్యుడు:
మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చైనాలోని గుయియులో సర్క్యూట్ బోర్డులను బొగ్గుల మంట మీద వేడిచేసి చిప్పులు ఊడదీసేవారు. బంగారం కోసం యాసిడ్‌లో నానబెట్టేవారు. అక్కడి పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఇది తెలిసి కూడా అమ్మడం నాకు మనసొప్పదు.

రెండవ సభ్యురాలు:
గుయియు విషయంలో మీ మాట కాదనలేను, కానీ నిషేధం అనే ముందు కొంచెం ఆగండి. ఇంటింటికీ తిరిగి సేకరించడంలోనూ, చేతితో విప్పి విడిభాగాలను వేరుచేయడంలోనూ పాత సామాన్లు కొనే ఈ పనివారికి మంచి నేర్పు ఉంది. అదే సామానును నేరుగా యంత్రంలో వేసి నలగగొడితే, బంగారం వంటి లోహాలు కొంతమేర ఇనుము, ప్లాస్టిక్ ముక్కల్లో కలిసిపోయి తిరిగి రావు. హాని ఎక్కువగా జరిగేది ఆ తరువాతే, కాల్చడంలోనూ యాసిడ్ వాడకంలోనూ.

కేబుళ్లు విప్పే ఒకాయన పక్కన కూర్చుని నేను గంటసేపు చూశాను. బ్లేడుతో తొడుగును నిలువునా చీరి, నిగనిగలాడే రాగి తీగను ఒక్క ఊపున బయటికి లాగేవారు. కాల్చిన రాగి నల్లబడి తక్కువ ధర పలుకుతుందని చెప్పింది ఆయనే. అయినా జుట్టంత సన్నని తీగలను చీరుతూ కూర్చుంటే కూలి గిట్టదు కాబట్టి వాటిని మాత్రం కాలుస్తారట. పీవీసీ ప్లాస్టిక్ తొడుగు కాలితే డయాక్సిన్లు అనే విష రసాయనాలు వెలువడతాయని ఆయనకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆ సన్న తీగలను, బోర్డులను అధీకృత కేంద్రాలే మంచి ధరకు కొంటే ఆయన మంట పెట్టవలసిన అవసరం ఉండదు. బెల్జియంలోని హోబోకెన్‌లో ఉన్న కర్మాగారం వంటి చోట్ల అవే బోర్డుల నుంచి, ఇతర వ్యర్థాల నుంచి, పొగను శుద్ధి చేస్తూనే 17 రకాల లోహాలను రాబడుతున్నారు. ధరలో తేడాను ఆ వస్తువులు తయారుచేసి లాభం పొందిన కంపెనీలే భరించాలి.

మొదటి సభ్యుడు:
ధర మాట ఒప్పుకుంటాను. మరి బ్యాటరీల సంగతి?

రెండవ సభ్యురాలు:
అక్కడ మీ మాటే సరైనది. లిథియం బ్యాటరీ మూటలో నలిగినా, చెత్త బండిలో నొక్కుకుపోయినా మంటలు లేస్తాయి. ఆ ప్రమాదాన్ని మరొకరి భుజానికెత్తడం అన్యాయం. విడి బ్యాటరీల కొసలకు టేపు అంటించి మనమే సేకరణ కేంద్రానికి చేర్చాలి. ఉబ్బినదాన్ని గుచ్చకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, ఫోనులోంచి పెకలించే ప్రయత్నం అసలే చేయకూడదు. ముందుగా కేంద్రంవారితో మాట్లాడి, వారు చెప్పినట్టే తీసుకువెళ్లాలి.