డేటాబేస్‌లో పరిశోధన పత్రాలను, పత్రికా వ్యాసాలను విడదీసి వెతకడం ఎలా?

ప్రశ్న:
నిద్రలేమి వల్ల విద్యార్థుల జ్ఞాపకశక్తి ఎలా దెబ్బతింటుందన్న అంశంపై సెమినార్ పత్రం రాస్తున్నాను. ఆరు పరిశోధన పత్రాలను, సామాన్య పాఠకుల కోసం రాసిన రెండు వ్యాసాలను ఆధారంగా చూపాలని మా గైడ్ షరతు పెట్టారు. లైబ్రరీ డేటాబేస్‌లో ప్రశ్నను పూర్తి వాక్యంగా టైపు చేస్తే ఒక్క ఫలితమూ రావడం లేదు. మాటలు తగ్గిస్తే వేలల్లో వస్తున్నాయి. పైగా ‘పీర్ రివ్యూడ్’ (అదే రంగంలోని నిపుణులు పరిశీలించాక ప్రచురించినవి) గడిలో టిక్కు పెట్టినా, ఒకటిన్నర పేజీల పుస్తక సమీక్ష పైకి వచ్చింది. పొరపాటు ఎక్కడుంది?

జవాబు 1:
చాలా డేటాబేస్‌లు మీ వాక్యాన్ని అర్థం చేసుకోవు, అందులోని మాటలను మాత్రమే పోల్చి చూస్తాయి. కనుక అంశాన్ని నిద్రలేమి, విద్యార్థులు, జ్ఞాపకశక్తి అని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు పర్యాయపదాలు రాసుకోండి. ‘స్లీప్ డిప్రివేషన్’, ‘స్లీప్ లాస్’ వంటి సమానార్థకాల మధ్య ‘ఆర్’ పెట్టి వాటిని ఒకే కుండలీకరణంలో ఉంచి, మూడు గుంపులనూ ‘అండ్’తో కలపండి. వైద్య పరిశోధనల డేటాబేస్ పబ్‌మెడ్‌లోనైతే ‘ఆర్’, ‘అండ్’ అనే ఈ ఆపరేటర్లను ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలలోనే రాయాలి. రెండు మాటలు విడిపోకుండా కలిసే రావాలనుకుంటే కొటేషన్ గుర్తులు వాడండి. ‘అడోలెసెన్’ వరకే టైపు చేసి నక్షత్రం గుర్తు పెడితే అడోలెసెంట్, అడోలెసెన్స్ రెండూ దొరుకుతాయి.

జవాబు 2:
పుస్తక సమీక్ష రావడం మీ తప్పు కాదు. ఆ టిక్కు సాధారణంగా జర్నల్‌కు వర్తిస్తుందే తప్ప, అందులోని ప్రతి రచనకూ కాదు. సంపాదకీయాలు, సమీక్షలు కూడా ఆ జల్లెడలోంచి జారిపోతాయి. పరిశోధన పద్ధతి, ఫలితాలు, ఉల్లేఖనల జాబితా ఉన్నాయో లేవో మీరే తెరిచి చూడక తప్పదు. ‘నేచర్’ వంటి పత్రిక వార్తలనూ పరిశోధన పత్రాలనూ ఒకే సంచికలో వేస్తుంది కాబట్టి, పత్రిక పేరు చూసి నిర్ణయించడం మరీ ప్రమాదం. సామాన్య వ్యాసాలకు ఆ టిక్కు తీసేసి, ప్రచురణ రకం దగ్గర ‘మ్యాగజైన్స్’ ఎంచుకోండి. 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్‌లో పీర్ రివ్యూ జల్లెడే లేదు.

జవాబు 3:
ఒక చేర్పు. పనికొచ్చే పత్రం ఒక్కటి దొరికితే, దాని రికార్డులోని సబ్జెక్ట్ హెడింగ్ (ఆ అంశానికి డేటాబేస్ వాడే స్థిరమైన పేరు) చూసి ఆ మాటతోనే మళ్ళీ వెతకండి. ఉదాహరణకు, పబ్‌మెడ్ సూచికలో గుండెపోటుకు సంబంధించిన పత్రాలు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ కింద ఉంటాయి. రచయిత ఏ మాట వాడినా సూచిక మాట మారదు. జర్నళ్ళ డిజిటల్ భాండాగారమైన జేస్టోర్‌లో చాలా జర్నళ్ళ కొత్త సంచికలు కొన్నేళ్ళు ఆలస్యంగా చేరతాయి కనుక, తాజా పత్రాలకు దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

ప్రశ్న అడిగినవారు:
మూడు గుంపులుగా వెతికాను. మొదటి పేజీలోనే పనికొచ్చే పత్రాలు నాలుగు దొరికాయి. పుస్తక సమీక్ష మాత్రం ఇంకా అక్కడే ఉంది.